మూల తెగిన ఉత్తరం

నాకు అక్షరం మీద గర్వం ఎక్కువ. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా ఆ మాట నా మొహం మీద అంటే వాళ్లతో పది రోజులు మాట్లాడేదాన్ని కాదు. మేడ్చల్‌లో చర్చి వెనక వాడలో మా ఇల్లు. నాయిన రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి, తెలుగూ ఇంగ్లీషూ రెండూ రాయగలిగిన ఆడపిల్లని మా వాడలో నేనొక్కదాన్నే. సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో ఉండేది. అందుకని ఊళ్లో ఉర్దూ వచ్చినవాళ్లు కొందరు ఉన్నా, తెలుగు ఉత్తరం రాయించుకోవాలంటే నా దగ్గరికే రావాలి. వచ్చినవాళ్లని కాసేపు అరుగు మీద కూర్చోబెట్టి, కావాలనే ఆలస్యం చేసి, అప్పుడు కలం తీసేదాన్ని.

యుద్ధం నడుస్తున్న కాలం అది. కుమ్మరి పెద్దయ్య ఒక్కగానొక్క కొడుకు సికింద్రాబాద్ పోయి ఫౌజులో చేరాడు. రోడ్లు వేసే దళంలోనట. అతను పోయేనాటికి భార్యకి మూడో నెల. ఆమెకీ నాకూ దాదాపు ఒకటే ఈడు, ఇరవై లోపే. అతనికి చదువు రాదు. మొదట్లో అతని ఉత్తరాలు తెలుగులోనే వచ్చేవి. వరంగల్ వైపు తోటి సిపాయి ఒకడు రాసిపెట్టేవాడు. నేను వాటిని చదివి వినిపించి జవాబు రాసేదాన్ని. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఏడాది దాటిపోయింది. అటునుంచి ముక్క రాకపోయినా మేం మాత్రం రాస్తూనే ఉన్నాం. మేం అనడం దేనికి, రాసింది నేనే.

ఆ రాయడం ఎలా సాగేదో చెప్పాలి. కుమ్మరి వాకిట్లో కుండలు చేసే సారె పక్కన నేను చాప మీద కూర్చునేదాన్ని. పెద్దయ్య ఎదురుగా, పెద్దమ్మ పక్కన, ఇరుగుపొరుగు చుట్టూ. కోడలు తలుపు వెనక నిలబడేది. ఆమె చీర అంచు మాత్రమే కనిపించేది. పెద్దయ్య గొంతు సవరించుకుని, "ఇక్కడ మేమందరం క్షేమం అని రాయి" అనేవాడు. ఆ పైన ఏం చెప్పాలో ఆయనకి తోచేది కాదు. నాకు తోచేది. బడిలో నేర్పిన పెద్ద పెద్ద మాటలన్నీ బయటికి తీసి, కాగితం నిండేదాకా అల్లేదాన్ని. చదివి వినిపిస్తే అందరూ తల ఊపేవాళ్లు. ఎవరికీ సగం అర్థమయ్యేది కాదని నాకు తెలుసు. అందుకే మరింత బాగుందనిపించేది. ఒకటి రెండుసార్లు తలుపు వెనక నుంచి ఆమె ఏదో అనబోయింది. అత్త అటు తిరిగి చూసింది. ఆమె ఆగిపోయింది. నేను ఆగలేదు, రాస్తూనే పోయాను.

ఆ ఎండాకాలం సికింద్రాబాద్‌లో మా మేనత్త ఇంటికి పోయి వారం పది రోజులు ఉండి వచ్చాను. చేతిసంచి కింద పెట్టకముందే అమ్మ చెప్పింది.

"కుమ్మరోళ్ల పిలగాడు పోయిండంట బిడ్డా. మూల తెగిన జాబు వచ్చింది. గియ్యాల ఆరో దినం."

మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. చావు కబురు రాస్తే ఆ కాగితం మూల చింపి పంపేవారు. చదువు రానివాళ్లకి కూడా చూడగానే తెలియాలని. అలాంటి ఉత్తరాన్ని ఇంట్లోకి తీసుకుపోరు. బయటే చూసి, తలమీద నీళ్లు పోసుకుని, ఆ తర్వాతే గడప లోపలికి వస్తారు. దూరాన పోయినవాళ్లకి కబురు అందిన నాటి నుంచే దినాలు లెక్కపెడతారు. పదో దినాన భార్య చేతి గాజులు తీస్తారు. ఇవన్నీ నాకు తెలిసినవే. మేం చర్చికి పోయేవాళ్లమైనా, మా వాడలో కూడా మూల చింపిన కార్డు వస్తే గుండె ఝల్లుమనేది.

వెంటనే కుమ్మరి వాకిటికి పోయాను. సారె ఆగి ఉంది. ఊళ్లో ఎవరింట్లో కర్మ జరిగినా కుండలు చేసిచ్చే ఇల్లు అది. గోడవారన ఎండకి ఆరుతున్న ఒక పచ్చి కుండ కనిపించింది. పెద్దయ్య సొంత కొడుకు పదో దినానికి సొంత చేతులతో చేసుకున్న కుండ. దాన్ని చూడలేక మొహం తిప్పుకున్నాను. కండ్లకోయ నుంచి వచ్చిన కోడలి మేనమామ అరుగు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. టపా బట్వాడా చేసే జవాను లకోటా తెచ్చాడట. పెద్దయ్య అడిగితే తానే విప్పాడట. లోపలి కాగితానికి మూల లేకపోవడం చూసి చేతులు జోడించి అక్కడ పెట్టేసి వెళ్లిపోయాడట.

లోపలి గదిలో ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎనిమిది నెలల పాప ఒడిలో గాజులు పట్టుకుని ఆడుకుంటోంది. ఓదార్చాలని ఆమె పక్కన కూర్చోబోయాను. ఆమే నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, జాబుల ఏం రాసుంది?"

"నేను సదవలే చెల్లె. ఊర్లనే లేను."

"టపా ఆయన సదివిండా?"

"లేదంట."

"మరి ఎవ్వలు సదివిన్రు?"

నేను పక్కన కూర్చున్న ఆడవాళ్ల వైపు చూశాను. వాళ్లు పాప పట్టుకున్న గాజుల వైపు చూశారు.

"ఎవ్వలు సదవకుంటనే నా గాజులు తీస్తరా?" అంది. ఏడవలేదు. అడిగింది అంతే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరూ చదవని ఉత్తరంలో ఏముందో ఊరందరికీ తెలుసు. ఒక్క ఆమెకే తెలియదు. ఆ క్షణంలోనే అనుకున్నాను, ఆ కాగితంలో ఏముందో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆమె చెవిన వేసేదాకా నేను ఊరుకోను.

లకోటాతో పాటే కాగితం కొట్టం చూరులో దోపి ఉంది. చెయ్యి పెట్టబోతే పెద్దయ్య అడ్డం వచ్చాడు.

"దాన్ని ముట్టకు బిడ్డా. గది సదివేది కాదు."

"సదవకుంటే జాబు ఎందుకు పెద్దయ్యా?"

"మూల తెగినంక ఇంకేం సదువుతవ్?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అయినా లాగి తీశాను. పైమూల లేదు, నిజమే. కానీ చేత్తో చింపినట్టు లేదు. కత్తెరతో తిన్నగా కోసినట్టుంది. లకోటా అంచున ఒక చీటీ అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఎగ్జామినర్ విప్పాడని అచ్చు వేసి ఉంది. నాకు తెలిసిన ఎగ్జామినర్ బడిలో పరీక్షలు పెట్టే దొర ఒక్కడే. ఆయనకి కుమ్మరోళ్ల ఉత్తరంతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

లోపల అక్షరాలు ఇంగ్లీషువే. గర్వంగా గొంతెత్తి మొదలుపెట్టాను. రెండు వరుసలకే ఆగిపోయాను. అక్షరాలు ఇంగ్లీషువి గానీ భాష అది కాదు. ఉర్దూ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి రాశారు. అదీ మన బజారు ఉర్దూ కాదు, కచేరీ కాగితాల్లో ఉండే బరువైన ఉర్దూ. నేను పలకగలను, అర్థం చేసుకోలేను. వాకిట్లో ఇరవై మంది నా నోటి వైపు చూస్తున్నారు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఒక్క మాట మాత్రం దొరికింది.

"ఖైరియత్! గీడ ఖైరియత్ అని ఉన్నది!" అని అరిచాను. ఆ మాట తెలియనివాళ్లు మా రాజ్యంలో ఎవరున్నారు? బాగున్నాడని కదా.

కండ్లకోయ మేనమామ నింపాదిగా అన్నాడు. "నువ్వే గద బిడ్డా మాకు జాబులు రాసేది. చావు కబురు రాసినా ముందుగాల మేము క్షేమం అనే గద రాస్తవు?"

నిజమే. అంతకు ముందు ఏడాదే మా వాడలో ఒకరికి కార్డు రాశాను. 'ఇక్కడ మేమందరం క్షేమం. మీ అత్తగారు మంగళవారం నాడు ప్రభువు సన్నిధికి చేరినారు.' అలాగే రాశాను, అదే వరుసలో. ఎవరూ తప్పనలేదు, నాకూ తప్పని తోచలేదు. ప్రతి ఉత్తరంలోనూ ఉండే మాట ఏ ఉత్తరానికీ సాక్ష్యం కాదని ఆ వాకిట్లో తెలిసింది. పైగా ఆ బాగున్నవాడు కొడుకో, కొడుకు పోయాడని రాస్తున్న ఇంకెవరో ఎవరికి తెలుసు?

ఊళ్లో మంచి ఉర్దూ వచ్చినవాడు సర్కారు బడి మౌల్సాబ్. ఆయనకి ఇంగ్లీషు అక్షరం రాదు. ఒకరికి అక్షరం, ఒకరికి అర్థం. ఇద్దరం ఒకచోట కూర్చుంటే ఉత్తరం పూర్తవుతుంది. కానీ బడికి ఎండాకాలం సెలవులు. ఆయన శామీర్‌పేటలో సొంతింట్లో ఉన్నాడు.

"రేపు శామీర్‌పేట పోత," అన్నాను.

"వయసు పిల్ల ఒక్కతే అంత దూరం ఎట్ల పోతది? ఊకె పరేషాన్ జెయ్యకు" అని నలుగురూ నాలుగు మాటలన్నారు. అప్పటిదాకా మూలన కూర్చున్న పెద్దమ్మ లేచింది. తలుపు వెనక కోడలి వైపు తిరిగి చూసి నోరు మూయించే మనిషి ఆమే.

"నేను బోత దాని తోటి," అంది. "సదివి పోయిండంటే ఏడుస్త. సదవకుంటె నాకు ఏడుపు గూడ సక్కగ వస్తలేదు."

ఆ మాట మీద పెద్దయ్య దారి వదిలాడు.

తెల్లవారగానే బయల్దేరాం. నాలుగు కోసుల పైనే నడక. కాగితం నా కొంగుకి కట్టుకున్నాను. పెద్దమ్మ దాన్ని తాకదు. చిన్న కుండలో సల్ల పట్టుకుని నాకు రెండడుగులు దూరంగా నడిచింది. పొద్దెక్కేసరికి ఎర్రమట్టి కాళ్లకి అంటుకుని చురుక్కుమంటోంది. సగం దారిలో ఒక తుమ్మచెట్టు కింద సల్ల తాగుతూ ఆమె అడిగింది, "ఇగ మౌల్సాబ్ గూడ సమజ్ గాలేదంటే?"

"ఇంకొకల్ల దగ్గరికి పోదాం."

"ఆయన గూడ చెప్పకపోతే?"

"హైద్రాబాద్ దాక పోదాం పెద్దమ్మా. ఉర్దూ వచ్చిన మనిషి ఎక్కడో ఒకచోట దొరకడా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మిగిలిన సల్ల నాకే పోసింది.

మౌల్సాబ్ ఇంటి గుమ్మానికి గోనెపట్టా పరదా. ఆయన పరాయి ఆడవాళ్ల ఎదుట పడడు. సంగతి చెప్తే పరదా అవతల నుంచే "పఢో" అన్నాడు. నేను గడప బయట మెట్టు మీద కూర్చున్నాను. పెద్దమ్మ గోడ నీడలో నిలబడింది. నేను ఒక్కో మాటా విడివిడిగా, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చదివాను. లోపల నుంచి విసుగు వినిపించింది.

"క్యా పఢ్‌రీ అమ్మా! ఇటుకలు ఇసిరినట్టు ఇసురుతున్నవ్. మాట పక్కన మాట పెట్టు. జల్దీ వద్దు."

మళ్లీ మొదటి నుంచి చదివాను. మళ్లీ ఆపాడు. నాకు కోపం వచ్చి, "మౌల్సాబ్, మీకు తెల్వని అచ్చరాలు నేను సదువుతున్న. నాకు తెల్వని మాటలు మీరు చెప్పాలె. ఇద్దరం కొట్లాడుకుంటే గీ అవ్వ ఏం గావాలె?" అన్నాను. ఇక వెళ్లిపొమ్మంటాడనుకున్నాను. "ఠీక్ బోలీ," అన్నాడు. "వరుస చదివి ఆగు. అర్థమైతే నేనే వరుస మళ్లీ అంట. తప్పైతే నువ్వు ఆపు."

అలా సాగింది. నేను ఒక వరుస చదవడం, ఆయన దాన్ని సరైన ఉర్దూలో తిరిగి అనడం, నేను కాగితంతో పోల్చి చూడడం, ఆ తర్వాత ఆయన దాని అర్థం తెలుగులో పెద్దమ్మకి చెప్పడం. మర్యాదలతోనే మూడు వరుసలు గడిచాయి. నాలుగో వరుస దగ్గర ఆయన గొంతు మారింది.

"అమ్మా, కూర్చో. ఇది నీ బేటా మాటనే. మున్షీ రాసిండు, చెప్పింది నీ బేటా. జిందా ఉన్నడు, బతికే ఉన్నడు."

పెద్దమ్మ గోడకి జారి అలాగే కింద కూర్చుంది. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. ఆపాలని ఎవరమూ అనుకోలేదు.

మూల సంగతి కూడా మౌల్సాబే చెప్పాడు. ఉత్తరం పైమూలన ఊరి పేరు రాయడం రివాజు. జంగులో ఉన్న సిపాయి ఎక్కడున్నాడో బయటికి పొక్కకూడదని సర్కారువాళ్లు ఉత్తరం విప్పి ఆ పేరు కోసేస్తున్నారు. ఆయన మేనల్లుడి ఉత్తరాలూ అలాగే వస్తున్నాయట. ఆ కత్తెర పట్టినవాడికి మా ఆనవాయితీ తెలియదు. మాకు వాడి ఆనవాయితీ తెలియదు.

అక్కడికి నేను గెలిచినట్టే. లేచి దులుపుకుంటుంటే, "ఇంకా ఉన్నది కద, చదువు" అన్నాడాయన. చదివాను. ఆయన అర్థం చెప్తూ చెప్తూ నెమ్మదించాడు. కొడుకు చెప్పి రాయించిన మాటలవి: నాకు రాసిపెట్టే వరంగల్ సిపాయి బదిలీ అయి వెళ్లిపోయాడు. తెలుగు అక్షరం తెలిసినవాళ్లు దళంలో ఇంకెవరూ లేరు. ఇన్నాళ్లకి ఈ మున్షీ దొరికాడు. ఇంటి నుంచి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఒక్కటీ చదివేవాళ్లు లేక పెట్టెలో పెట్టుకున్నాను. నా భార్యకి కాన్పు అయిందా? ఆమె బతికి ఉన్నదా? నాకు బిడ్డ ఉన్నదా లేదా? ఎవరైనా చెప్పండి.

అతని బతుకు గురించి మేం ఆరు రోజులు ఏడిస్తే, అతను ఏడాదిగా ఆమె గురించి అలాగే ఉన్నాడు. ఆ పదకొండు ఉత్తరాలూ నావే. అవతల చదివేవాడు ఉన్నాడో లేడో ఒక్కసారి కూడా ఆలోచించకుండా రాసినవి. తిరుగుదారిలో పెద్దమ్మ కాగితాన్ని తానే తీసుకుని రవికలో దోపుకుంది. నేను ఆమె వెనక తల దించుకుని నడిచాను.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాం. వీధి మలుపు నుంచే పెద్దమ్మ అరిచింది. "బతికే ఉన్నడు! నిన్నే అడుగుతున్నడు కోడలా, నిన్నే!" కోడలు పాపని ఎత్తుకుని గుమ్మం దాటి పరుగెత్తుకొచ్చింది. పెద్దయ్య గోడవారన ఉన్న పచ్చి కుండని తీసుకుపోయి నీళ్ల తొట్టిలో వేసి, అది కరిగి మళ్లీ మన్ను అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

మూడు రోజులకి మౌల్సాబ్ తనంతట తానే ఎడ్లబండి మీద వచ్చాడు. జవాబు రాయాలి కదా అన్నాడు. వాకిట్లో నులకమంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పెద్దయ్య అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని, "ఇక్కడ మేమందరం క్షేమం..." అన్నాడు.

నేను కలం కింద పెట్టేశాను. "పెద్దయ్యా, గది వద్దు. ముందుగాల ఆమె చెప్తది."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. నేను కలం ముట్టలేదు. చివరికి పెద్దమ్మే తలుపు వైపు తిరిగి, "చెప్పు బిడ్డా," అంది.

తలుపు వెనక నుంచి మాట వచ్చింది. "ఆడిపిల్ల. నేను మంచిగున్న. కోపమొస్తే నీ లెక్కనే మూతి ముడుస్తది."

గోడ వైపు తిరిగిన మౌల్సాబ్ భుజాలు నవ్వుతో కదిలాయి. ఆమె తెలుగుని ఆయన ఉర్దూ చేశాడు. ఆయన ఉర్దూని నేను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. ఒక్క పెద్ద మాట వాడలేదు. ఉత్తరం నాలుగు వరుసలే అయింది. మిగిలిన జాగాలో, కుండలకి పూసే ఎర్రమన్నులో పాప పాదం ముంచి అద్దాం. మున్షీ కూడా లేకపోయినా అది అతనికి తెలియాలని. పైమూలన మాత్రం ఏమీ రాయకుండా వదిలేశాను.

యుద్ధం ముగిశాక అతను తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడే రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టిన పదకొండు ఉత్తరాలు. మడతలు నలగకుండా దాచాడు.

"ఇన్ని దినాలు చూసుకుంట కూసున్న చెల్లె," అన్నాడు. "ఇగ సదువు."

తప్పించుకోవాలని చూశాను. అతను వినలేదు. మొదటిది చదివాను. రెండోది చదివాను. నా సొంత మాటలు నా నోట్లోనే ఇసుకలా తగులుతున్నాయి. క్షేమం, క్షేమ సమాచారములు, తెలియజేయవలెను. బిడ్డ పుట్టిన సంగతి ఏడో ఉత్తరంలో, అట్టడుగున, ఒక్క వరుస. పదకొండోది ముగించి కాగితం మడిచాను. అతను ఇంకా నా మొహం వైపే చూస్తున్నాడు.

"గింతేనా చెల్లె?" అన్నాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"గింతే అన్నా. గివన్ని నా మాటలు. ఆమెను నేను ఒక్కనాడన్న అడగలే," అన్నాను. "ఇగ నువ్వడుగు."

వాళ్లిద్దర్నీ మా అరుగు మీదే వదిలేసి, పాపని ఎత్తుకుని నేను బయటికి వచ్చేశాను.